మా ఇంటి స్పెక్ట్రమ్, గుజరాతీ గల్లీ ఐసీలు

జెడ్80 అనే కంప్యూటర్ ప్రాసెసర్ చిప్పు తయారీ ఆపేస్తున్నామని జైలాగ్ కంపెనీ 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. జూన్ 14 వరకే ఆర్డర్లు తీసుకుంటామంది. 1976లో వచ్చిన చిప్పు, ఇన్నేళ్ళు నిలబడిందంటే గొప్పే. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. కంప్యూటరంటే ఏమిటో నాకు మొదట తెలిసింది ఆ చిప్పు వల్లే. దానికున్న 40 కాళ్ళలో ఏది దేనికో ఇప్పటికీ కాగితం చూడకుండా చెప్పగలను. 11 ఐదు వోల్టులు, 29 గ్రౌండు, 6 క్లాకు, 26 రీసెట్టు. స్కూల్లో నేర్చుకున్నవి చాలానే మర్చిపోయాను గానీ ఇవి మాత్రం పోలేదు.

మేముండేది కుషాయిగూడలో. నాన్న ఈసీఐఎల్‌లో, అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో, టీవీల విభాగంలో టెక్నీషియన్. ఇప్పటి పిల్లలకి ఈసీఐఎల్ అంటే ఒక బస్టాపు పేరు, మహా అయితే ఓటింగ్ మిషన్లు. 1967లో హైదరాబాద్‌లో పెట్టిన ఆ సంస్థ రెండేళ్ళు తిరిగేసరికి, 1969లో, టీడీసీ-12 అనే కంప్యూటర్ని తయారుచేసింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు, 12 బిట్లది. ఆ సంస్థని నిలబెట్టిన ఏ.ఎస్. రావు గారి పేరే మా పక్కనున్న ఏ.ఎస్. రావు నగర్‌కి పెట్టారు. నాన్న కంప్యూటర్ల వైపు పనిచేయలేదు. కానీ మా కాలనీలో సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ట్రాన్సిస్టర్లు, కోర్ మెమరీ, పవర్ సప్లై లాంటి మాటలు కూరగాయల ధరల మధ్యలో వచ్చిపోతుండేవి. నేను అవి వింటూ పెరిగాను.

1985లో మా మామయ్య ఇంగ్లండు నుంచి సెలవు మీద వచ్చాడు. లీడ్స్‌లో డాక్టరు. సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చిన పెట్టెలోంచి ఒక చిన్న నల్లటి వస్తువు తీసి బల్ల మీద పెట్టాడు. బూడిద రంగు రబ్బరు మీటలు, కుడివైపు మూలన ఏటవాలుగా నాలుగు రంగుల చారలు. సింక్లెయిర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్, 48 కె మెమరీది, లోపల జెడ్80 చిప్పు. 1982 ఏప్రిల్‌లో అక్కడ విడుదలైనప్పుడు 175 పౌండ్లకి అమ్మారట. "కంప్యూటరా? మరి తెర ఏదీ?" అనడిగింది అమ్మమ్మ. టీవీయే తెర అన్నాడు మామయ్య.

అక్కడే చిక్కొచ్చింది. ఆ పెట్టె సిగ్నల్‌ని యూహెచ్ఎఫ్‌లో 36వ చానెల్ మీద పంపిస్తుంది. మన దూరదర్శన్ అప్పట్లో వీహెచ్ఎఫ్‌లో వచ్చేది, మా టీవీ అందుకునేవి కూడా ఆ చానెళ్ళే. ట్యూనర్ ఎంత తిప్పినా తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాలేదు. మామయ్య మొహం వాడిపోయింది. నాన్న మాత్రం ఏమీ అనకుండా స్క్రూడ్రైవర్ తీసుకుని ముందు స్పెక్ట్రమ్ మూత విప్పాడు. కొత్త వస్తువు, సముద్రాలు దాటి వచ్చిన వస్తువు, వచ్చిన రోజే మూత తీసేస్తున్నాడేంటని అమ్మ కంగారు పడింది. నేనైతే పక్కకి జరగలేదు.

లోపల చిన్న రేకు డబ్బా ఉంది. అది మాడ్యులేటర్. బోర్డు తయారుచేసిన వీడియో సిగ్నల్ ఆ డబ్బాలోకి వెళ్ళి యూహెచ్ఎఫ్‌గా మారి బయటికి వస్తుంది. డబ్బాలోకి వెళ్ళే ముందే ఆ సిగ్నల్‌ని పట్టుకుంటే చానెల్‌తో పనేముందని నాన్న ఆలోచన. డబ్బా లోపలి కనెక్షన్లు విప్పి, బోర్డు నుంచి వచ్చే వీడియోని నేరుగా బయటి సాకెట్‌కి ఒక పచ్చ వైరుతో కలిపాడు. ఇక టీవీ సంగతి. మా టీవీకి వీడియో ఇన్‌పుట్ లేదు, అప్పట్లో మామూలు ఇళ్ళలో ఏ టీవీకీ ఉండేది కాదు. నాన్న దాని సర్క్యూట్ గీసిన కాగితం పరిచి, డిటెక్టర్ దాటాక వీడియో యాంప్లిఫయర్ ఎక్కడుందో చూసి, అక్కడికి ఒక కెపాసిటర్ ద్వారా దారి కల్పించాడు. వెనకాల ఒక స్విచ్చి పెట్టాడు. ఒకవైపు వేస్తే దూరదర్శన్, ఇంకోవైపు వేస్తే కంప్యూటర్. ఆ రోజుల్లో కొన్ని టీవీల చాసిస్‌కే మెయిన్స్ కరెంటు ఉండేది, అందుకని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టందే ఏదీ కలపనివ్వలేదు. "కరెంటున్న చోట ఒక చెయ్యి జేబులో ఉండాలి అమ్మడూ" అనేవాడు. నా గౌనుకి జేబు లేదంటే, చెయ్యి వెనక్కి పెట్టుకోమన్నాడు.

స్విచ్చి వేశాడు. తెల్లటి తెర కింద ఒక్క లైను: 1982 సింక్లెయిర్ రీసెర్చ్ లిమిటెడ్. బొమ్మ పైకి జారిపోతుంటే వెర్టికల్ హోల్డ్ నాబు కొంచెం తిప్పాడు, నిలబడింది. ఇంగ్లండులోనూ మన దగ్గరా టీవీ తెరని పైనుంచి కిందకి గీసేది సెకనుకి 50 సార్లే కాబట్టి అంత తేలిగ్గా నిలబడిందని తర్వాత చెప్పాడు. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ. అయినా స్పెక్ట్రమ్ రంగులు మాకు కనపడేవి. నలుపు, నీలం, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ, లేతనీలం, పసుపు, తెలుపు అని సున్నా నుంచి ఏడు దాకా వాటి వరుసే చీకటి నుంచి వెలుగుకి ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్‌లో చూస్తే ఎనిమిది మెట్ల బూడిద రంగు. ఏ మెట్టు ఏ రంగో మాకు కంఠతా వచ్చేసింది. మామయ్య తిరిగి వెళ్ళేటప్పుడు దాన్ని ఇక్కడే వదిలేశాడు. "నాకన్నా మీకే ఎక్కువ పనికొస్తుంది బావా" అన్నాడు నాన్నతో.

ఆ కంప్యూటర్ ఆన్ చేయగానే నేరుగా బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చేస్తుంది, మధ్యలో ఇంకేమీ లేదు. పి నొక్కితే ప్రింట్ అనే మాట మొత్తం పడుతుంది, జె నొక్కితే లోడ్. 16384 నంబరు మెమరీ గదిలో 255 పోక్ చేస్తే, అంటే రాస్తే, తెర పై ఎడమ మూలన చిన్న గీత వస్తుంది. అది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మెమరీలో ఒక గదికి ఒక అంకె పంపాను, ఎదురుగా గాజు మీద ఒక గీత వెలిగింది. రెండింటి మధ్య ఏముందో నాన్న బోర్డు మీద వేలు పెట్టి చూపించగలడు. ఇదుగో జెడ్80, ఇదుగో తెరని నడిపే యూఎల్ఏ చిప్పు, ఇవి మెమరీ చిప్పులు, ఇక్కణ్ణుంచి ఈ ట్రాక్ ఇటు వస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను పాత యంత్రాల దగ్గరికి లాగేది అదే. పైనుంచి అడుగు దాకా ఒక మనిషి బుర్రలో పట్టే కంప్యూటర్ అది. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోను దానికి ఎన్నో లక్షల రెట్లు చేస్తుంది, కాదనను. కానీ దాని లోపల ఏం జరుగుతోందో మొత్తంగా తెలిసిన మనిషి ఎక్కడా ఉండడు.

ప్రోగ్రాములు దాచుకునేది క్యాసెట్ల మీద. కొత్త క్యాసెట్లు కొనేంత డబ్బు పిల్లల చేతిలో ఎక్కడిది? ఇంట్లో ఎవరూ వినని పాటల క్యాసెట్లు తీసుకుని, వెనకాల ట్యాబు విరిచిన చోట సెల్లో టేపు అంటించి వాటి మీదే రికార్డు చేసేవాళ్ళం. లోడ్ చేసేటప్పుడు ముందు ఒకే స్వరంలో కూత వస్తుంది, తెర అంచుల్లో వెడల్పాటి చారలు పాకుతాయి. తర్వాత గరగరమని డేటా మొదలై చారలు సన్నబడతాయి. సగటున సెకనుకి 1500 బిట్లు. పెద్ద ప్రోగ్రాము ఎక్కాలంటే నాలుగైదు నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చోవడమే. చివర్లో టేప్ లోడింగ్ ఎర్రర్ అని వస్తే మళ్ళీ మొదటికి. వాల్యూమ్ ఎక్కువైనా రాదు, తక్కువైనా రాదు. టేప్ రికార్డర్ హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని ఆవగింజంత తిప్పుతూ కూత ఎక్కడ బాగా పదునుగా వినపడుతుందో అక్కడ ఆపాలి. ఆ పని మా తమ్ముడిది. వాడి చెవి అంత మంచిది. ఇక కరెంటు పోతే టైపు చేసిందంతా పోయినట్టే. ఎండాకాలంలో పది లైన్లు కొట్టి ఒకసారి సేవ్ చేసుకోవడం అలవాటైంది.

మామయ్య అప్పుడప్పుడు పంపే ఇంగ్లీషు పత్రికల్లో పేజీలకి పేజీలు ప్రోగ్రాములు అచ్చేసి ఉండేవి. వాటిని కొడుతూనే బేసిక్ నేర్చుకున్నాను. కానీ నాకు అసలు పట్టుకున్న పిచ్చి వేరు. తెర మీద తెలుగు రావాలి.

స్పెక్ట్రమ్‌లో మన ఇష్టమొచ్చినట్టు గీసుకోవడానికి 21 అక్షరాల చోటు ఉంటుంది. ఒక్కొక్కటీ 8 గళ్ళు అడ్డం, 8 గళ్ళు నిలువు. ఒక వరుసకి ఒక అంకె చొప్పున ఎనిమిది అంకెలు. ఇంగ్లీషు అక్షరానికి ఆ చోటు ధారాళం. మన అక్షరానికి పైన తలకట్టో గుడో, మధ్యలో ఒళ్ళు, కింద ఒత్తు, ఇవన్నీ ఎనిమిది వరుసల్లో ఎక్కడ పడతాయి? గ్రాఫ్ పేపరు మీద గీసి చూశాను. 'ర' ఒక్కటే కాస్త పోల్చుకునేలా వచ్చింది. అందుకని ఒక్కో తెలుగు అక్షరానికి నాలుగు గదులు తీసుకున్నాను, 16 అడ్డం, 16 నిలువు. ఇక్కడ లెక్క అడ్డొస్తుంది. 21లో నాలుగు చొప్పున తీస్తే అయిదు అక్షరాలకి అయిపోతుంది.

వినాయక చవితి దగ్గర పడుతోంది. మా వీధి పందిట్లో టీవీ పెట్టి దాని మీద తెలుగులో 'జై గణేశ' అని చూపిద్దామని నేనూ తమ్ముడూ పూనుకున్నాం. 'గ' తేలిగ్గా వచ్చింది. 'శ'కి లోపలి మెలిక దగ్గర ఒక గడి అటో ఇటో జరిపితే చాలు, మొత్తం రూపమే మారిపోతుంది. 'ణే'కి పైన ఏత్వం పెట్టాక ణకారం నడుము నలిగిపోయింది, చుట్ల మధ్య ఒక గడి ఖాళీ వదిలితే గానీ విడివిడిగా కనపడలేదు. 'జై' అన్నిటికన్నా మొండిది. పైన గుర్తు, కింద ఇంకో కొక్కెం. 16 వరుసల్లో కుదరదని దానికి మూడంతస్తులిచ్చాను, రెండు అడ్డం, మూడు నిలువు, ఆరు గదులు. ఆరూ, నాలుగూ, నాలుగూ, నాలుగూ, మొత్తం 18. ఇరవై ఒకటిలో సరిపోయింది.

తర్వాత 'స్వాగతం' కూడా కావాలన్నారు పందిరి పెద్దలు. మిగిలింది మూడు గదులే. అప్పుడు మాన్యువల్ వెనక పేజీల్లో కనపడింది 23675. ఆ గీసుకున్న అక్షరాలు మెమరీలో ఎక్కడ మొదలవుతాయో స్పెక్ట్రమ్ ఆ గదిలోనూ దాని పక్క గదిలోనూ రాసుకుంటుంది. మామూలుగా అది 65368. క్లియర్ 65199 అని కొట్టి దాని పైన చోటు మిగుల్చుకుని, 65200 నుంచి రెండో సెట్టు పెట్టుకోవచ్చు. 23675లో 176, 23676లో 254 పోక్ చేస్తే రెండో సెట్టు. మళ్ళీ 88, 255 వేస్తే మొదటిది. తెర మీద ఇంతకుముందు పడ్డ అక్షరాలు చెక్కుచెదరవు, కొత్తగా రాసేవి మాత్రం కొత్త సెట్టులోంచి వస్తాయి. అంటే ఎన్ని అక్షరాలైనా పెట్టుకోవచ్చు, మెమరీ ఉన్నంత వరకు. ఎవరూ చెప్పకుండా నేనే పట్టుకున్న మొదటి సంగతి అది. తెలుగు యూనికోడ్‌లోకి రావడం, భారతీయ లిపులకి కోడ్లు ఇచ్చే ఇస్కీ ప్రమాణం ఖాయం కావడం, రెండూ 1991 ముచ్చట. మా పందిట్లో 'స్వాగతం' అంతకు చాలా ముందే వెలిగింది.

పందిట్లో అక్షరాలు ఒక్కటే ఉంటే బాగుండదని, దీపాలు కూడా కంప్యూటరే నడపాలని నాన్న అన్నాడు. స్పెక్ట్రమ్ వెనకాల బోర్డు అంచు బయటికి కనపడుతుంది. జెడ్80 తీగలు దాదాపు అన్నీ అక్కడికి వస్తాయి. దానికి సరిపడా కనెక్టర్ కోసం కోఠి వెళ్ళాం. ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్‌లో బస్సెక్కి కోఠిలో దిగితే గుజరాతీ గల్లీ. సన్నటి సందు, రెండు వైపులా గోడ నిండా చిన్న చిన్న డబ్బాల సొరుగులు, ప్రతి సొరుగు మీదా చేత్తో రాసిన నంబరు. రెసిస్టర్లు గుప్పెడు తీసి కాగితంలో పొట్లం కట్టిస్తారు. కౌంటర్ దగ్గర నాన్న ఉర్దూలో బేరమాడుతుంటే నేను సొరుగుల మీది నంబర్లు చదువుకునేదాన్ని. మేం వెతుకుతున్న ఐసీల్లో, అంటే చిప్పుల్లో, 74ఎల్ఎస్32 ఉంది, 74ఎల్ఎస్273 ఉంది. మాకు కావాల్సిన 56 కాళ్ళ కనెక్టర్ మాత్రం ఏ కొట్లోనూ లేదు. ఇంకా పొడవైనది కొని, ఇంటికొచ్చి నాన్న హాక్సా బ్లేడుతో కోశాడు. తిరగేసి పెట్టకుండా అయిదో స్థానంలో అడ్డు ఉండాలి, అక్కడ చిన్న పీసీబీ ముక్క ఇరికించాడు.

ఆ సర్క్యూట్ ఇప్పుడు కూడా కళ్ళు మూసుకుని గీయగలను. 273లో ఒక్కో బిట్టుని పట్టి ఉంచే ఫ్లిప్‌ఫ్లాపులు ఎనిమిది ఉంటాయి. జెడ్80 బయటికి ఏదైనా పంపేటప్పుడు ఐఓ రిక్వెస్టు, రైటు అనే రెండు తీగల వోల్టేజీ కిందకి, సున్నా వైపుకి, దిగుతుంది. అడ్రసు తీగల్లో ఏ7ని కూడా తీసుకుని మూడింటినీ 74ఎల్ఎస్32లో ఆర్ గేట్లు రెండింటి గుండా పంపితే, మూడూ కిందకి దిగినప్పుడే ఫలితం దిగుతుంది. అది తిరిగి పైకి లేచే క్షణంలో 273 ఎదురుగా ఉన్న ఎనిమిది బిట్లనీ పట్టేసుకుంటుంది. ఏ7 ఎందుకంటే, స్పెక్ట్రమ్‌లో సింక్లెయిర్ వాళ్ళ పరికరాలు వేరే తీగలు వాడుకుంటాయి, ఏ7 జోలికి రావు. మిగతావన్నీ పైన ఉండి ఏ7 ఒక్కటే కింద ఉండే పోర్టు నంబరు 127. ముందు ఎల్ఈడీలతో చూశాం. ఐదు వోల్టుల వైపు నుంచి కలిపాం కాబట్టి సున్నా పంపితే వెలుగుతుంది, ఒకటి పంపితే ఆరుతుంది. అవుట్ 127 కామా 254 అని కొట్టి ఎంటర్ నొక్కాను. మొదటి దీపం ఒక్కటే వెలిగింది. తమ్ముడు పెట్టిన కేకకి పక్కింటి వాళ్ళు కూడా వచ్చారు.

పీసీబీ కూడా ఇంట్లోనే చేశాం. రాగి పూతున్న బోర్డు మీద అమ్మ గోళ్ళ రంగుతో ట్రాకులు గీసి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచి, ప్లాస్టిక్ టబ్బుని మెల్లగా ఊపుతూ కూర్చోవాలి. గోళ్ళ రంగు ఉన్న చోట రాగి నిలుస్తుంది, మిగతాది కరిగిపోతుంది. ఆ పసుపుపచ్చ మరక గచ్చు మీద పడితే ఇక పోదు, అందుకే పెరట్లో చేసేవాళ్ళం. చేతి డ్రిల్లుతో చిల్లులు పెట్టడం నా పని. సోల్డరింగ్ కూడా అప్పుడే నేర్చుకున్నాను. ముందు ఐరన్‌తో ప్యాడునీ కాలునీ కలిపి వేడి చెయ్యి, లెడ్డు ఐరన్‌కి కాదు, ఆ కాలుకి తగిలించు, దానంతటదే పారుతుంది, మెరిస్తే మంచి జాయింటు, మసకబారితే డ్రై సోల్డర్. నాన్న చెప్పింది అంతే. ఈ నాలుగు ముక్కలూ నేను ఆ తర్వాత ఎంతమందికి చెప్పానో.

రెండో బోర్డులో ఎల్ఈడీల చోట బిట్టుకొక ఎస్ఎల్100 ట్రాన్సిస్టర్, ఒక రిలే, రిలే కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడు. మెయిన్స్ కరెంటు ఉన్న వైపు వైరింగ్ అంతా నాన్నే చేశాడు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. చవితి రోజు సాయంత్రం పందిట్లో 1, 2, 4, 8 అంటూ 128 దాకా బిట్లు పరుగెడుతుంటే సీరియల్ సెట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. టీవీ మీద 'జై గణేశ', ఆ తర్వాత 'స్వాగతం'. మైకులో పాటల మధ్య ఖాళీ వచ్చినప్పుడు రిలేల టకటకలు వినపడేవి. ఈసీఐఎల్‌లో నాన్నతో పనిచేసే పెద్దాయనొకరు వచ్చి చాలాసేపు నిలబడి చూసి, "ఈ అక్షరాలు ఎవరు గీశారు?" అనడిగారు. నాన్న నా వైపు చూపించాడు. నేను ఎలక్ట్రానిక్స్ చదువుతానని ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది.

కాలేజీ, 8085 కిట్లు, ఉద్యోగం, తర్వాత సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మదర్‌బోర్డులు కొని బంధువులందరికీ కంప్యూటర్లు అసెంబుల్ చేసిపెట్టడం, ఇవన్నీ నా వయసు వాళ్ళందరికీ ఉన్నవే. అవీ ఇష్టమైన రోజులే. కాకపోతే స్లాట్లో కార్డు పెట్టడం వేరు, కార్డే చేయడం వేరు.

స్పెక్ట్రమ్ తెచ్చిన సింక్లెయిర్ కంపెనీ అధిపతి క్లైవ్ సింక్లెయిర్ 2021 సెప్టెంబరులో పోయారు. ఆ వారమే స్పెక్ట్రమ్‌ని అటక మీంచి దించాను. ఆన్ చేస్తే కాపీరైట్ లైను రావాల్సిన చోట నిలువు చారలు. దీని గురించి తెలిసిన వాళ్ళకి ఆ చారలు పాత పరిచయమే. 48 కె మోడల్లో కింది 16 కె మెమరీ 4116 చిప్పులు ఎనిమిదింటిలో ఉంటుంది. ఆ చిప్పుకి మూడు రకాల వోల్టేజీ కావాలి, ఒకటో కాలుకి మైనస్ 5, ఎనిమిదో కాలుకి ప్లస్ 12, తొమ్మిదో కాలుకి ప్లస్ 5. మైనస్ 5 రాకుండా మిగతావి వస్తే చిప్పు చచ్చిపోతుంది. పై 32 కె కథ ఇంకా బాగుంటుంది. అందులో పెట్టినవి 64 కిలోబిట్ల చిప్పులే, కానీ తయారీలో సగం పాడైనవి. బాగున్న సగాన్ని వాడుకుని సింక్లెయిర్ వాళ్ళు ధర తగ్గించారు. పారేయాల్సిన చిప్పుని అలా వాడుకోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటేస్తుంది.

నాన్నకిప్పుడు ఎనభై దాటింది. నా డిజిటల్ మీటర్ పక్కన పెట్టించి తన పాత ముల్లు మీటరే తెమ్మన్నాడు. ఒకటో కాలు మీద ముల్లు కదల్లేదు. వోల్టేజీ తయారుచేసే చోట టీఆర్4 అనే ట్రాన్సిస్టర్ పోయింది. వీటిలో తరచూ పోయేది అదే. అది మార్చాక చారలు మారాయి గానీ పోలేదు. చిప్పుల మీద వేలు పెట్టి చూస్తూ వెళితే ఒకటి కాలిపోతోంది. దాన్ని విప్పి, సాకెట్ వేసి వేరే 4116 పెట్టాం. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చాను, హైదరాబాద్ ఎండలకి అవి అటక మీద ఎండిపోయి ఉంటాయి. మీటల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర తోక విరిగిపోయింది. దానికి కొత్తది ఇప్పటికీ తయారుచేసి అమ్ముతున్నారు, తెప్పించుకున్నాను. పాత స్పెక్ట్రమ్ దొరికిన వాళ్ళు ఎవరైనా మొదట చేసే మార్పు మాడ్యులేటర్ని పక్కన పెట్టి వీడియోని నేరుగా బయటికి తేవడం. మా దానికి ఆ పని అక్కర్లేదు. "పచ్చ వైరు ఉండాలి చూడు" అన్నాడు నాన్న, నేనింకా డబ్బా మూత తియ్యకముందే. ఉంది.

క్యాసెట్లు కూడా బయటపడ్డాయి. కొన్నిటికి బూజు పట్టింది, కొన్నిటిలో హెడ్‌కి టేపుని ఒత్తి పట్టే చిన్న స్పాంజి ఊడిపోయింది. మంచి క్యాసెట్ డెక్ ఒకటి సంపాదించి, వాటిని కంప్యూటర్లోకి వేవ్ ఫైళ్ళుగా ఎక్కించి, అక్కణ్ణుంచి ప్రోగ్రాములుగా మార్చుతున్నాను. స్పెక్ట్రమ్ ప్రతి బ్లాకు చివర్లోనూ ఒక బైటు రాస్తుంది, అంతకుముందున్న బైట్లన్నిటినీ ఎక్సార్ అనే బిట్ల లెక్కతో కలిపితే వచ్చేది. అది సరిపోయిందంటే బ్లాకు దాదాపుగా సరిగ్గానే వచ్చిందని నమ్మొచ్చు. చవితి ప్రోగ్రాము ఒక సుప్రభాతం క్యాసెట్ రెండో వైపున దొరికింది. తమ్ముడు అమెరికా నుంచి వీడియో కాల్‌లో ఉండగా లోడ్ చేశాను. "హెడ్ కొంచెం తిప్పు అక్కా, పదును తగ్గింది" అన్నాడు అంత దూరం నుంచి. వాడు చెప్పింది నిజమే. కాస్త తిప్పి మళ్ళీ రికార్డు చేసుకుంటే ఆఖరి బైటు సరిపోయింది.

ఇప్పుడు ఆ గ్రాఫ్ పేపరు పనే మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి మొత్తం వర్ణమాల. మెమరీ చాలదన్న భయం లేదు. తలకట్టు, గుడి, కొమ్ము విడిగా ఉంచి, మెషిన్ కోడ్‌లో అక్షరం ఒళ్ళు మీద అప్పటికప్పుడు పేర్చుతున్నాను. అచ్చులు, హల్లులు, గుణింతాలు అయ్యాయి. ఒత్తుల్లో మకార, యకార, వకారాలు కుదిరాయి. 'క్ష' అనుకున్నదానికన్నా అందంగా వచ్చింది. 'రాష్ట్రం' అని రాయాలంటే వచ్చే 'ష్ట్ర' దగ్గర ఆగాను, రెండు ఒత్తులకి 16 వరుసలు చాలడం లేదు. 'జై'కి ఇచ్చినట్టు దీనికీ మూడో అంతస్తు ఇవ్వాలి. అప్పుడు లైన్ల మధ్య ఎడం ఎంత పెట్టాలో ఈ ఆదివారం చూస్తాను.